బావగారి పేరు మీద నంబరు

పోయిన వారం పారుల్‌ని మనం కరకట్ట మీద వదిలి వచ్చాం. భాద్రపదం జల్లు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. పాత కంపెనీ వాళ్లు ఊళ్లో టవర్ పీకేసినప్పటి నుంచి ఫోను పలకాలంటే కట్ట ఎక్కాల్సిందే. అక్కడ నిలబడే ఆమె కంపెనీ మారతానని మెసేజ్ పంపింది, అక్కడే ఎనిమిది అక్షరాల కోడ్ అందుకుంది. ఆ కోడ్ కొత్త కంపెనీ వాళ్ల చేతిలో పెడితే చాలు, నంబరు పాతదే ఉంటుంది, ఫోను మాత్రం మళ్లీ ఇంట్లో మోగుతుంది. ఆ సంబరంతో పడవలో నది దాటి హరినాథ్‌గంజ్ బజారుకి వెళ్తే, ఫోన్ల కొట్టులో కూర్చునే ఝుంపా అనే అమ్మాయి మిషను కేసి చూసి, "పిన్నీ, ఈ నంబరు మీ పేరు మీద లేదే. ఎవరి పేరు మీద ఉందో ఆయనొచ్చి వేలు పెట్టాలి" అంది. కోడ్‌కి నాలుగు రోజులే ఆయుష్షని కూడా చెప్పి పంపింది.

ఎవరి పేరు మీద ఉందో పారుల్ అడగక్కర్లేదు. పన్నెండేళ్ల కిందట చరక్ జాతరలో గొడుగు వేసుకుని సిమ్ కార్డులు అమ్మారు. వాళ్ల ఊరు కాశ్‌డాంగాలో డోలు వాయించే వాళ్ల వాడ మొత్తానికి ఫొటో సరిగ్గా ఉన్న గుర్తింపు కార్డు ఒక్కరికే ఉంది. వాడలో సగం సిమ్‌లు ఆ కార్డు చూపించే తెచ్చుకున్నారు. కార్డు ఎవరిదైతేనేం, ఫోను మనదే కదా అనుకున్నారు అప్పుడు. ఆ కార్డు మనిషి పారుల్ భర్త సుబల్‌కి స్వయానా అన్న. అంటే పారుల్‌కి బావగారు.

ఇన్ని వారాలుగా ఈ బావగారికి పేరెందుకు లేదని ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. కాశ్‌డాంగాలో తమ్ముడి భార్య బావగారి ఎదుట ముసుగు తీయదు, ఆయనతో నేరుగా మాట్లాడదు, ఆయన పేరు పలకదు. పారుల్ పలకని పేరు నేను మాత్రం ఎలా రాయను? ఆమె పలికిన రోజున రాద్దామని ఊరుకున్నాను.

కోల్‌కతా దుర్గపూజ పందిళ్లలో వేలమంది ముందు భుజాన అంత పెద్ద ఢాక్ డోలు వేసుకుని, తొమ్మిదిమంది ఆడవాళ్లని వెంట నడిపించుకుంటూ గిరగిరా తిరుగుతూ వాయించే మనిషి ఇంటికొచ్చేసరికి బావగారి దగ్గు వినిపించగానే కొంగు నెత్తిన వేసుకుని గోడవారకి తప్పుకుంటుంది. ఇరవై నాలుగేళ్లుగా ఇదే అలవాటు. అందులో తప్పుందని ఆమెకి ఎన్నడూ తోచలేదు, ఆ సాయంత్రం దాకా.

ఆ సాయంత్రం పారుల్ కొంగు ముఖం మీదికి లాక్కుని బావగారి ముంగిట్లోకి వెళ్లింది. ఆయన మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని మరమరాలు నములుతున్నాడు. తోడికోడలు బాసనా పొయ్యి దగ్గర తాటిపండు గుజ్జుతో బూరెలు వేస్తోంది. పారుల్ పొయ్యి పక్కన చతికిలబడి, మంచానికి వీపు పెట్టి, పని చెప్పింది. రేపు పొద్దున్నే ఆయన ఒక్కసారి హరినాథ్‌గంజ్ వచ్చి మిషను మీద వేలు పెడితే సరిపోతుంది, పడవ ఖర్చు తనదే, అరపూట కూడా పట్టదు.

మంచానికీ పొయ్యికీ మధ్య దూరం నాలుగు బారలు లేదు. పారుల్ అన్నది ఆయనకి అక్షరం పొల్లు పోకుండా వినిపించింది. అయినా బాసనా మెడ తిప్పి, "విన్నారా, రేపు గంజ్ రమ్మంటోంది, ఏదో వేలిముద్రట" అని ఆయనకి చేరవేసింది. ఆయన మరమరాలు పూర్తి చేసి, చేతులు దులుపుకుని, నీళ్లు తాగి అప్పుడు నోరు విప్పాడు.

"సుబల్ పెళ్లానికి చెప్పు. నంబరు నాది. ఇన్నేళ్లూ వాడుకోనిచ్చాను. ఇప్పుడు ఇంకో కంపెనీకి మార్చాలన్నా, మార్చకూడదన్నా నా ఇష్టం."

పారుల్ మొదట ఇదేదో పెద్దరికం కోసం బిగుసుకోవడం అనుకుంది. బతిమాలించుకుని వస్తాడులే అనుకుని రెండు మెత్తని మాటలు పంపింది. బాసనా వాటిని మరికాస్త మెత్తగా చేసి అందించింది. అప్పుడు ఆయన అసలు సంగతి బయట పెట్టాడు. ఈ ఏడు నుంచి డోళ్ల దళం తన పేరు మీద నడవాలి. పూజ కమిటీల వాళ్లు ఫోను చేస్తే తనే మాట్లాడతాడు, ముందుగా ఇచ్చే బయానా తన చేతికే ఇవ్వాలి. ముందు వరసలో తన కొడుకూ మేనల్లుళ్లూ వాయిస్తారు. ఆడవాళ్లు ఎర్రంచు చీరలు కట్టుకుని వెనక వరసలో ఉంటే ఫొటోకి బాగుంటుంది. దీనికి ఒప్పుకుంటే రేపే వచ్చి వేలు పెడతాడు.

పారుల్‌కి ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండదు? ఈ బావగారే కదా, పారుల్ మొట్టమొదట ఢాక్ భుజానికెత్తుకున్న రోజున ఆడది తగిలితే తోలు మైలపడుతుందని కన్నతండ్రితో పోట్లాడి డోలు ఇంట్లోంచి తీసి పశువుల పాకలో పడేసింది. ఆ తండ్రే, అంటే పారుల్ మామగారే, ఆ పాకలోనే కూర్చోబెట్టి కోడలికి వాయించడం నేర్పాడు. అప్పటికి ఈయన తాళం పోతోందని తిట్లు తిని, డోలు వదిలేసి, ఇసుక లారీల దగ్గర పెత్తనానికి పోయాడు. ఆడవాళ్లు కోల్‌కతా వెళ్లిన మొదటి ఏడు వాళ్లు తిరిగొచ్చే దారిలో నిలబడి ఉమ్మేశాడు. టీవీ వాళ్లు వచ్చి వీళ్లని చూపించాక మాత్రం ఉమ్మడం మానేశాడు. ఇప్పుడు వెనక వరసలో నిలబడమంటున్నాడు.

"అక్కా, ఆయనకి చెప్పు. ఇది దొంగతనం."

బాసనా గరిట తిప్పుతూ, "పొరపాటు జరిగిందేమో అంటోంది" అని చెప్పింది.

"పొరపాటు అనలేదక్కా నేను. దొంగతనం అన్నాను. నేను అన్న మాట అన్నట్టు చెప్పు."

బాసనా చెప్పలేదు. మాడిపోతున్న బూరెలని కూడా తీయలేదు. మంచం మీంచి ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదంటే, ఎదుటి మనిషి కోప్పడితే సర్దుకోవచ్చు కానీ అలా నవ్వితే సర్దుకోలేం. గోడవతల నుంచి పక్కింటి వాళ్లు వింటున్నారని ఆయనకి తెలుసు. ఎంత మండినా పారుల్ తన వైపు తిరిగి ముఖం మీద ఒక్క మాట అనడానికి వీల్లేదని కూడా తెలుసు. వాడ పద్ధతి మొత్తం ఆయన పక్కన మంచమేసుకుని కూర్చుని ఉంది.

"ఆ డోలు నేను నేర్చుకుంటే వచ్చింది. ఆ నంబరుకి ఫోన్లు నేను వాయిస్తే వచ్చాయి. వట్టి కార్డు చూపించిన మనిషికి అందులో ఏముందో అడుగు" అంది పారుల్, గొంతు పెంచకుండానే, పొయ్యిలోని మంటకేసి చూస్తూ.

ఆయన ఈసారి భార్యని మధ్యలో పెట్టుకోవడం కూడా మానేసి పెరటి కేసి తిరిగి పశువుతో అన్నట్టు అన్నాడు. "పేరుందిగా అందులో. అది చాలు."

పారుల్ లేచి వచ్చేసింది. దారి పొడుగునా తన మీద తనకే కోపం. ఆ మనిషి కళ్లలోకి చూసి అడగాల్సింది. ముసుగు లోపల్నుంచి మాట్లాడితే ఎంత నిప్పులాంటి మాటైనా అవతలికి వెళ్లేసరికి బూడిదే అవుతుంది. దొంగతనాన్ని పొరపాటు చేసి పంపినందుకు బాసనా మీద కూడా కోపం వచ్చింది గానీ, ఆ ఇంట్లో పొద్దు గడవాల్సింది బాసనాకి కదా అనుకుని దాన్ని మింగేసింది.

ఇంట్లో సుబల్ జేగంట తుడుస్తున్నాడు. పందిట్లో భార్య డోలుకి తోడుగా ఆ గంట కొట్టేది ఆయనే. తాళం తప్పడు, కానీ అన్న పేరెత్తితే నోట్లో నాలుక ఉండదు. అంతా విని, కాసేపు గంటని అటూ ఇటూ తిప్పి, పోనీ కొత్త సిమ్ కొనుక్కుందాం, నంబరుదేముంది, పది అంకెలే కదా అన్నాడు పాపం.

పారుల్ ఆయన కేసి చూసిన చూపుకి గంట చేతిలోంచి జారింది. ఆమె అరవలేదు. కూర్చోబెట్టి అడిగింది. కోల్‌కతాలో బేహాలా పందిరి వాళ్లకి తమ ఊరి పేరు తెలుసా? తెలీదు. తమ ఇంటిపేరు తెలుసా? అదీ తెలీదు. ఆ కమిటీలో ఏడాదికొక సెక్రటరీ మారతాడు, దిగిపోయేవాడు ఎక్కేవాడికి తాళంచెవులతో పాటు ఇచ్చేది ఈ నంబరే. తొమ్మిదిమంది డోళ్ల మీద ఎర్రరంగుతో రాయించింది ఈ నంబరే. ఆ ఫోను మోగబట్టే కదా ఇద్దరు వితంతువులు, మొగుడు వదిలేసిన ఒక పిల్ల, ఇటుకబట్టీ మానేసిన ఆరుగురు ఏడాదికొకసారి సొంత డబ్బు కళ్లజూస్తున్నారు. పూజల సందడి మొదలయ్యే మహాలయకి ఇంకా మూడు వారాలే ఉంది. కొత్త నంబరు తీసుకుని ఎవరికి ఫోను చేసి, మేం ఫలానా అని ఎవరికి చెప్పుకోవాలి?

సుబల్ పొద్దున్నే లేచి, అడక్కుండానే చొక్కా తొడుక్కుని పడవరేవుకి ఆమె ముందు నడిచాడు. ఆ మనిషికి అదే చాలా పెద్ద తెగింపు.

పారుల్ ఆలోచన ఒకటే. పేరు మీద లేకపోయినా పన్నెండేళ్లుగా వాడుతున్నది తానేనని నిరూపించుకునే దారి ఏదైనా ఉందేమో ఝుంపాని అడగాలి. కమిటీల వాళ్లు చెబుతారు, వాడ చెబుతుంది, డోళ్లు చెబుతాయి. పడవలో ఫోను తీసి చూస్తే సిగ్నల్ లేదు. నది మధ్యలో ఉండదులే అనుకుంది. రేవు దిగాక చూసింది, లేదు. బజారు నడిబొడ్డున, చేపల మార్కెట్ దాటాక కూడా లేదు. వానకి తడిసిందేమోనని చీర చెంగుతో తుడిచి తుడిచి లోపల పెట్టుకుంది.

కొట్టులో ఝుంపా అప్పుడే అగరొత్తి వెలిగించి కూర్చుంది. పారుల్ చెప్పేది పూర్తిగా వినకముందే ఫోను అందుకుని, వెనక మూత తీసి, సిమ్‌ని బయటికి లాగి మళ్లీ పెట్టి, మొహం చిట్లించింది.

"పిన్నీ, ఈ బజార్లో మీ పాత కంపెనీ కూడా బాగానే పలుకుతుంది. ఇది సిగ్నల్ లేకపోవడం కాదు. ఈ సిమ్ చచ్చిపోయింది."

పారుల్‌కి అర్థం కాలేదు. ఝుంపా నెమ్మదిగా విడమరిచింది. పేరు మీద ఉన్న మనిషి కంపెనీ వాళ్ల దగ్గరికి వెళ్లి నా సిమ్ పోయింది అంటే చాలు, వేలు పెట్టించుకుని అదే నంబరుతో ఇంకో సిమ్ ఇస్తారు. కొత్తది పలకడం మొదలవగానే పాతది ఆగిపోతుంది. నిన్న సాయంత్రం బజారు అవతలి చివర పాత కంపెనీ కొట్టు రాత్రి ఎనిమిది దాకా తీసే ఉంది. సాయంత్రం పడవకి ఎవరో వచ్చి ఆ పని చేసుకుపోయి ఉంటారు.

అంటే పారుల్ వీధి మలుపు తిరక్కముందే ఆయన చెప్పులు తొడుక్కున్నాడన్నమాట. వేలు పెట్టడానికి అరపూట ఖాళీ లేని మనిషి, ఆమె వేలు విరిచేయడానికి మాత్రం సాయంత్రం పడవ పట్టుకుని వచ్చాడు. సుబల్ కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

మరి కోడ్ సంగతేమిటని పారుల్ అడిగింది. సిమ్ పోయాక ఆ కోడ్ చిత్తుకాగితమే అంది ఝుంపా. ఫిర్యాదు ఒకటి రాసి చూద్దామని, తల ఎత్తకుండానే, మీ నంబరు ఎవరి పేరు మీద ఉంది పిన్నీ అని అడిగింది.

పారుల్ అలవాటు కొద్దీ సుబల్ కేసి చూసింది. రేషన్ కొట్టులో, ఆస్పత్రిలో, ఓటర్ల వాళ్లు వచ్చినప్పుడు ఈ ప్రశ్న వస్తే భర్తో పిల్లలో పక్కవాళ్లో ఆ పేరు అందించడం మామూలు. సుబల్ తల వంచుకున్నాడు. అన్న మీద ఫిర్యాదుకి అన్న పేరు తన నోటితో చెప్పడం ఆయన వల్ల కాలేదు. ఝుంపా మళ్లీ అడిగింది. వెనక రీఛార్జి కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకామె కాశ్‌డాంగాలో పుట్టినదే, పారుల్‌ని గుర్తుపట్టి ముసిముసిగా నవ్వుతూ ఈమె ఏం చేస్తుందా అని చూస్తోంది.

పారుల్ కొంగు నెత్తి మీంచి తీసి భుజాన వేసుకుంది.

"కార్తీక్," అంది. "కార్తీక్ బాద్యకర్. రాసుకో అమ్మా. కార్తీక్ బాద్యకర్, కాశ్‌డాంగా."

వెనకున్నామె నవ్వు ఆగిపోయింది. సుబల్ తలెత్తాడు. ఇన్నేళ్లలో పారుల్ కార్తీక మాసాన్ని కూడా ఆ పేరుతో పిలవలేదు, అగ్రహాయణానికి, అంటే మార్గశిరానికి, ముందు నెల అనేది. పందిట్లో దుర్గమ్మ పక్కన నిలబడే ఆ కుర్ర దేవుణ్ణి నెమలి మీద ఆయన అనేది. పేరు పలికితే ఏదో అయిపోతుందని పెద్దవాళ్లు భయపెట్టారు. ఏమీ కాలేదు. ఝుంపా రాసుకుంది, అగరొత్తి అలాగే వెలుగుతోంది. ఇంత చిన్న మాటని ఇన్నేళ్లు ఎందుకు మోశానా అని పారుల్‌కి కోపం కూడా వచ్చింది. సరే, ఆమె పలికింది కాబట్టి ఇక నేనూ రాస్తాను. ఆ బావగారి పేరు కార్తీక్.

ఫిర్యాదుకి జవాబు రావడానికి వారం పైనే పట్టొచ్చని ఝుంపా చెప్పింది. వారంలో కమిటీలన్నీ ఖాయమైపోతాయి. పారుల్ కాసేపు ఆలోచించి, నీ ఫోను ఒకసారి ఇస్తావా అమ్మా అని అడిగి తీసుకుంది. తన నంబరు తనే నొక్కింది. ఈ నంబరు ఎందరికో చెప్పింది గానీ ఎన్నడూ తను చేసింది లేదు. రెండోసారి మోగేసరికి ఎత్తారు.

"నమస్కారం. ఢాకీ దళం. చెప్పండి."

కార్తీక్ గొంతే. కరకట్ట మీద గాలి హోరు కూడా వినిపిస్తోంది. పారుల్ తన ఫోన్ల కోసం నిలబడే చోటే ఆయనా నిలబడ్డాడు.

పారుల్ నోరు తెరిచింది. తెరిచాక తట్టింది ఆమెకి, ఈ మనిషి తన గొంతు ఏనాడూ సరిగ్గా విననేలేదని. ముసుగులోంచి బాసనాకి చెప్పిన గొణుగుడు తప్ప ఇరవై నాలుగేళ్లలో ఆయన చెవిన ఏం పడింది కనుక? ఆమె నిటారుగా నిలబడి, ఏడాదికేడాది పందిళ్లలో విన్న కోల్‌కతా ఇల్లాళ్ల ధోరణిలో మాట కలిపింది. తాము దక్షిణ్‌పల్లి మహిళల పూజ కమిటీ వాళ్లమని, ఈ నంబరు తమ పాత సెక్రటరీ ఇచ్చిందని, పారుల్‌తో మాట్లాడాలని చెప్పింది.

"పారుల్ ఇక వాయించదు మేడమ్," అన్నాడు కార్తీక్, గొంతులో జాలి కలిపి. "పాపం చేతులు పడిపోయాయి. ఆడవాళ్ల గుంపు కూడా చెదిరిపోయింది. ఇప్పుడు దళం నాదే. మంచి మగవాళ్లని పంపిస్తాను, మీరేం బెంగపడకండి. నిన్నటి నుంచి రెండు కమిటీల వాళ్లు ఖాయం కూడా చేసుకున్నారు."

ఫోను పట్టుకున్న పారుల్ పిడికిలి బిగుసుకునేసరికి అది ఎక్కడ పగులుతుందోనని ఝుంపా కంగారుపడింది. డోలు లాక్కున్నా తట్టుకునేదేమో, నంబరు లాక్కున్నా తట్టుకునేదేమో. బతికున్న మనిషి చేతులు పడగొట్టి, ఆ మీద పాపం అని జాలిపడుతున్నాడు. అలా రేపటికి ఎన్ని పందిళ్లకి తన చేతులు పోయినట్టు తెలుస్తుంది? ఆ వెనక తొమ్మిదిమందిని ఎవరు పిలుస్తారు?

"ఏ చెయ్యండీ పడిపోయింది?" అని అడిగింది.

"రెండూ మేడమ్. గరిటె కూడా పట్టుకోలేకపోతోంది."

"అయ్యో," అంది పారుల్. "అయితే మీతోనే ఖాయం చేసుకుంటాం. రేపు పొద్దున మా వాళ్లం మీ ఊరు వస్తాం. బయానా చాటున ఇవ్వడం మా కమిటీకి అలవాటు లేదు. ఊరి పెద్దల్నీ, మీ వాడ వాళ్లందర్నీ మీ ముంగిట్లో కూర్చోబెట్టండి. అందరి ఎదుటా మీ చేతిలో పెడతాం."

"అలాగే మేడమ్, తప్పకుండా. ఒక్కర్ని వదలకుండా పిలుస్తాను. మీరు రావడమే మా అదృష్టం." ఆ మీరులూ ఆ మేడమ్‌లూ ఆయన నోట్లో ఇంత తేలిగ్గా తిరుగుతాయని పారుల్‌కి ఇవాళే తెలిసింది. ఆయన కాస్త ఆగి, ఇంకా వినయంగా అడిగాడు. "మీ పేరు చెప్పనే లేదు మేడమ్?"

సుబల్ మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు.

"రేపు చెప్తాను," అంది పారుల్. "మీ ముంగిట్లోనే, అందరూ వింటుండగా చెప్తాను."